సదరం బోర్డు ముందుకు ఏ కాగితాలతో వెళ్లాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నిరుడు దసరా వెళ్లాక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రైవేటు ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉంచాం. ఇప్పుడు కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తున్నారు గానీ చెయ్యి మాత్రం రాలేదు. పది నెలలు దాటాయి, వచ్చే నెలలో సదరం (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే వైద్య బోర్డు పరీక్ష) స్లాట్ ఉంది. ఇంట్లో సంచి నిండా కాగితాలున్నాయి. అన్నీ పట్టుకెళ్లాలా? (బాపట్ల జిల్లా పాఠకుడు)

జవాబు: సంచి మొత్తం వద్దు. బోర్డు డాక్టరుకు ఒక్కో మనిషిని చూడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. మందుల బిల్లులు, రోజువారీ షుగర్ చీటీల మధ్య అసలు కాగితం కింద పడిపోతే నష్టం మీకే.

బోర్డు మూడు సంగతులు చూస్తుంది. జబ్బు ఎప్పుడు, ఎలా మొదలైంది? దానికి ఏ వైద్యం జరిగింది? వైద్యం అయ్యాక ఇంకా మిగిలిన లోపం ఎంత? శాతం వేసేది ఈ మూడోదానికే. ఇళ్లలో మాత్రం మొదటి రెండిటికి సంబంధించిన కాగితాలే కుప్పలుగా ఉంటాయి, మూడోదానికి ఒక్కటీ ఉండదు. పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో సాధారణంగా ఆరు నెలలు దాటాకే వైకల్యం లెక్కిస్తారు, ఎందుకంటే ఆ లోపు కొంత తేరుకునే అవకాశం ఉంటుంది. మీకు పది నెలలయ్యాయి కాబట్టి ఆ అడ్డు లేదు.

మొదటి రెండు ప్రశ్నలకు డిశ్చార్జి సమ్మరీ, తలకు తీసిన సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టు, దాని ఫిలిం చాలు. మూడోదాని కోసం స్లాట్‌కు రెండు మూడు వారాల ముందు నాన్నగారిని న్యూరాలజిస్టుకో, జనరల్ ఫిజీషియన్‌కో చూపించి కొత్త ఓపీ చీటీ రాయించండి. 'పాత పక్షవాతం, మందులు కొనసాగించాలి' అని ఒక్క ముక్క రాసి ఇస్తే దానివల్ల ఉపయోగం లేదు. భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, పాదం దగ్గర కండరాల బలం ఎంతుందో 0 నుంచి 5 వరకు ఉండే గ్రేడులో రాయమని అడగండి. 0 అంటే కదలికే లేదు. 3 అంటే చెయ్యో కాలో తనంతట పైకి ఎత్తగలరు, చేత్తో అడ్డుపెడితే ఆగిపోతుంది. 5 అంటే మామూలు బలం. వీటితో పాటు బిగుసుకుపోవడం ఉందా, పిడికిలి పట్టగలరా, గుండీ పెట్టుకోగలరా, అన్నం కలుపుకోగలరా, ఆసరా లేకుండా ఎన్ని అడుగులు వేయగలరు, మాట తడబడుతోందా అన్నవీ రాయించండి. ఫిజియోథెరపీ చేయించి ఉంటే మొదటి నెల, చివరి నెల నోట్సు రెండూ పెట్టండి. ఎంత మెరుగయ్యారో, ఎక్కడ ఆగిపోయారో అందులో తెలుస్తుంది.

డిశ్చార్జి సమ్మరీ చివర 'పరిస్థితి నిలకడగా ఉంది, మెరుగైంది' అని ఉంటే కంగారు పడకండి. ప్రాణాపాయం తప్పి ఇంటికి పంపిన రోజు రాసే మాట అది, చెయ్యి బాగుపడిందని కాదు. అయితే ఫైల్లో ఆ ఒక్క కాగితమే ఉంటే చదివేవారికి మరోలా అనిపించవచ్చు. కొత్త చీటీ అవసరం అందుకే.

ఆస్పత్రి కాగితాలు పోయాయా? బిల్లింగ్ కౌంటరు దగ్గర కాకుండా మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడగండి. ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఆధార్ కాపీతో తెల్లకాగితం మీద అర్జీ రాసి, దాని నకలు మీద ఆస్పత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. నాన్నగారు రాలేకపోతే 'నా రికార్డులు నా కుమారుడికి ఇవ్వగలరు' అని రాయించి సంతకమో వేలిముద్రో పెట్టించండి. 2002 నాటి వైద్యుల నీతి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి, వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లు వాటిని భద్రపరచాలి. ఈ మూడేళ్ల మాట గుర్తుంచుకోండి. ఇవాళ కాదు రేపు అనుకుంటూ నాలుగో ఏట వెళితే 'మా దగ్గర లేవు' అనే అవకాశం ఉంది. సర్కారు ఆస్పత్రి ఇవ్వకుండా తిప్పుతుంటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

పేరు దగ్గర చాలా ఫైళ్లు ఆగిపోతుంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆస్పత్రిలో పొడి అక్షరం ఒక్కటే రాస్తారు, స్కాన్ సెంటరులో ఇంటిపేరే ఉండదు. వయసు కూడా ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. స్లాట్‌కు ముందే అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే, ఆ ఐపీ నంబరు మీద వైద్యం పొందిన వ్యక్తీ ఈ ఆధార్ వ్యక్తీ ఒకరేనని ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఈసీజీ, అల్ట్రాసౌండ్ ముద్రలు వేడికి రంగు మారే కాగితం మీద వస్తాయి. నెలలు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడి ఏమీ మిగలదు. ఇంటికి తెచ్చిన రోజే జిరాక్సు తీయించండి. ఫిలింలను మడవకుండా కవరులోనే ఉంచి, పైన పేరు, తేదీ రాయండి. అసలు కాగితాలు చూపించండి, ఇచ్చేది నకళ్లు మాత్రమే.

ప్రశ్న: పనిలో ఇనుప ముక్క తగిలి నా ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను బాగానే ఉంది. 30 శాతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంకా మంచి రిపోర్టులు పెడితే 40 వస్తుందా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: కుడి కంటి చూపు నిజంగా బాగుంటే రాదు. రిపోర్టుల కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. కేంద్ర మార్గదర్శకాల పట్టికలో ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను మామూలుగా ఉంటే 30 శాతమే. చూపును లెక్కించేది సరైన అద్దాలు పెట్టాక, పైగా బాగున్న కంటికే ఎక్కువ బరువు. పింఛనుకు, ఉద్యోగ రిజర్వేషన్‌కు గీత 40 దగ్గర ఉంది. కన్ను పోయిన మనిషికి ఇది కఠినంగా అనిపిస్తుంది, ఆ బాధ న్యాయమైనదే. కానీ పట్టికను బోర్డు డాక్టరు మార్చలేరు.

ఒక్క సందర్భంలో మళ్లీ చూపించుకోవాలి. కుడి కంటిలోనూ గ్లాకోమా, రెటీనా జబ్బు లాంటివి ఉండి చూపు మేర కుంచించుకుపోతుంటే, అక్షరాల బోర్డు చదివినంత మాత్రాన అది బయటపడదు. దానికి పెరిమెట్రీ అనే పరీక్ష వేరుగా ఉంటుంది. ఆ రిపోర్టుతో పాటు అద్దాలతో రెండు కళ్ల చూపు విడివిడిగా రాయించిన చీటీ ఉండాలి. ప్రమాదం పనిలోనే జరిగింది కాబట్టి, కార్మిక పరిహారం సంగతి వేరు. అక్కడ ఈ 40 శాతం గీత ఉండదు. ప్రమాదం నాటి ఆస్పత్రి కాగితాలు, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే ప్రమాద కేసుగా ఆస్పత్రి రాసుకునే) నమోదు ఉంటే ఆ నకలు వెంటనే తీసుకుని కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. మీకు ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే ఈఎస్ఐ కార్యాలయానికే వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మకు చిన్నప్పుడే పోలియో. 2012లో సదరంలో 55 శాతం ఇచ్చారు. పునఃపరిశీలనలో 35 శాతమే అని పింఛను నోటీసు వచ్చింది. చిన్నప్పటి కాగితాలేవీ లేవు. అప్పీలు ఎలా? (అనంతపురం జిల్లా పాఠకురాలు)

జవాబు: ముందు ధైర్యం తెచ్చుకోండి. పోలియోకు చిన్ననాటి కాగితాలు అవసరం లేదు. కాలే సాక్ష్యం. కావలసింది ఇవాళ్టి కొలత.

ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గర రెండు కాళ్ల పొడవు సెంటీమీటర్లలో కొలిపించండి. తుంటి, మోకాలు, చీలమండ దగ్గర కండరాల బలం, కీళ్లు ఎంతవరకు వంగుతాయి, పాదం వంకర, నడక తీరు, కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే లోహపు పట్టీ) వాడితే ఆ సంగతి రాయించండి. కాళ్ల పొడవు తేడా చూపే ఎక్స్‌రే ఉంటే మరీ మంచిది. పరీక్ష రోజు చీర తొడ వరకు పైకి తీసి చూపించాల్సి వస్తుంది. మొహమాటపడి కాలు సరిగ్గా చూపించకపోతే, కాలిపర్ తీయకుండానే నడిస్తే, లోపం తక్కువగా నమోదు కావచ్చు. లోపల పొట్టి లాగు వేయించి, తోడు ఆడమనిషిని వెంట పంపండి.

శాతం ఎందుకు తగ్గిందో తెలియకుండా అప్పీలు రాయడం చీకట్లో రాయి వేయడమే. ఏ కండరానికి ఎంత వేశారో చూపే మదింపు షీటు నకలు కావాలని పరీక్ష జరిగిన ఆస్పత్రికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 2012 తరువాత లెక్క కట్టే మార్గదర్శకాలు 2018లో, మళ్లీ 2024లో మారాయి. కాబట్టి తేడా అంతా డాక్టరు తప్పే కాకపోవచ్చు. కొలతలో తప్పుంటే మాత్రం ఆ వరుసనే ఎత్తి చూపండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 59వ సెక్షన్ సర్టిఫికెట్ నిర్ణయంపై అప్పీలుకు హక్కు ఇచ్చింది. షీటు వచ్చేదాకా ఆగవద్దు. నోటీసులో రాసిన అధికారికి, అందులోని గడువు లోపే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, షీటు వచ్చాక జతచేయవచ్చు. పాత సర్టిఫికెట్ మీది సదరం ఐడీ నంబరు అర్జీలో తప్పక రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయల పింఛను ఈ శాతం మీదే ఆధారపడి ఉంది.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకు వినికిడి లోపం. బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలిచేది) చేయించాం. సర్టిఫికెట్‌కు అది చాలా? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: బెరా ఉండాలి, కానీ రిపోర్టులో కుడి చెవి, ఎడమ చెవి విడివిడిగా ఎన్ని డెసిబెల్స్ అన్నది స్పష్టంగా ఉందో లేదో చూడండి. చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువ, 70 ఉంటే చెవుడు. ఒక్క చెవి మాత్రమే పోతే ఈ నిర్వచనంలోకి రాదు. బాబు సహకరిస్తే ప్యూర్ టోన్ పరీక్ష (శబ్దం వినపడగానే పిల్లాడే చెప్పాల్సినది) కూడా చేయించండి. జలుబు, చెవిలో నీరు ఉన్న రోజు పరీక్ష చేయిస్తే లోపం అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది, బోర్డు మళ్లీ రమ్మంటుంది. అందుకే టింపానోగ్రామ్ (కర్ణభేరి వెనక నీరు ఉందేమో చూపే పరీక్ష) కూడా తీయించి, దాన్నీ ఫైల్లో పెట్టండి. తెలంగాణలో కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వడం మామూలే. చేతికి రాగానే గడువు తేదీ చూసుకుని, మూడు నెలల ముందే కొత్త పరీక్ష చేయించేలా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.