సగటు లెక్క, సొంత లెక్క

ప్రశ్న: కర్బన ఉద్గారాల్లో మన దేశానిది ప్రపంచంలో మూడో స్థానమని ఒకరు, తలసరి చూస్తే మన వాటా చాలా తక్కువని మరొకరు అంటున్నారు. ఏది నిజం? ఇంట్లో ఏసీ వేసుకోవడానికీ, ఏటా అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి రావడానికీ నేను సంకోచించాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ నిజమే. మొత్తం ఉద్గారాల్లో చైనా, అమెరికాల తరువాత మనమే ఉన్నాం. ఆ మొత్తాన్ని 140 కోట్ల పైబడిన జనాభాకు పంచితే మాత్రం తలసరి ఏడాదికి రెండు టన్నుల చిల్లర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అమెరికాలో అది దాదాపు 14 టన్నులు. పైగా గాలిలో చేరిన ఈ వాయువులో చాలా భాగం వందల ఏళ్లు పోదు కనుక పాత బాకీ కూడా లెక్కలోకి వస్తుంది. పారిశ్రామిక విప్లవం నాటి నుంచి వెలువడిన దానిలో సుమారు నాలుగో వంతు అమెరికాదే. బాధ్యత ఉమ్మడిదే అయినా అందరికీ సమానం కాదన్న సూత్రం 1992లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలో చేరింది. అంతకు ముందు ఏడాదే మన దేశపు పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్‌లు బతుకుతెరువు ఉద్గారాలనూ విలాసపు ఉద్గారాలనూ ఒకే గాటన కట్టరాదని వాదించారు.

దేశం తరఫున ఈ వాదన న్యాయమైనదే. చిక్కల్లా దాన్ని మనలాంటి వాళ్లం సొంతానికి వాడుకోవడంలోనే ఉంది. కట్టెల పొయ్యి మీద వండుకునే కూలీ ఇల్లు, రెండు కార్లున్న ఇల్లు ఒకే సగటులో కలిసిపోతాయి. మొదటి ఇంటి పేదరికం రెండో ఇంటికి గొడుగు పడుతోంది.

మీ ఇంటి లెక్కే చూడండి. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ పూర్తిగా మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏసీ రాత్రికి ఎనిమిది యూనిట్లు కాల్చిందనుకుంటే, మన కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా కనుక, యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున ఆరు కిలోలకు కొంచెం తక్కువ. అమెరికా ప్రయాణం రానూపోనూ ఎకానమీ తరగతిలోనే మనిషికి రెండు టన్నుల దాకా ఉంటుంది, అంటే ఏటా ఎనిమిది సిలిండర్లు వాడే ఇంటికి దాదాపు ఆరేళ్ల వంట!

కూతుర్ని చూడవద్దని ఎవరంటారు? ఏటా నెల రోజులకు వెళ్లే బదులు రెండేళ్లకోసారి వెళ్లి రెండు నెలలు ఉండి రావచ్చు. గోదావరి తీరపు ఎండల్లో ఏసీని ఒక స్థాయి దాకా అవసరమనే అంటాను. 26 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పితే చాలు. సొంత డాబా ఉంటే మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టించండి, కేంద్రం 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తోంది. రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తే ఏడాదికి మూడు టన్నుల మేర బొగ్గు కరెంటు ఉద్గారాలు తగ్గుతాయి.