యాప్‌ల అంగడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఎఫ్‌-డ్రాయిడ్ గురించే. 2010లో మొదలైన ఈ అంగడిలో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకోగల) ఆండ్రాయిడ్ యాప్‌లే దొరుకుతాయి. యాప్‌లను వెతికి, దించి, ఫోన్లో ఎక్కించే యాప్‌ను క్లయింట్ అంటారు. దాని కోడ్ కూడా కోడ్ పంచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో అందరికీ తెరిచే ఉంటుంది.

ప్రశ్న: సార్, క్లయింట్ కోడ్ దించుకుని బిల్డ్ చేస్తే (కోడ్‌ను యాప్‌గా మారిస్తే) మొదట 'ఎస్‌డీకే లొకేషన్ నాట్ ఫౌండ్' అన్నది. అది, అంటే ఆండ్రాయిడ్ పనిముట్ల మూట ఎస్‌డీకే ఎక్కడుందో, సరిచేశాక చాలాసేపు నడిచి 'గ్రేడిల్ బిల్డ్ డీమన్ డిసప్పియర్డ్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ' అని ఆగిపోతోంది. నాది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఇంకో 8 వేయించాలా? – ఇంజనీరింగ్ విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వేయించనక్కర్లేదు. గ్రేడిల్ అంటే బిల్డ్ చేసే పనిముట్టు, డీమన్ అంటే తెరవెనక నడిచే దాని ప్రోగ్రాం. డీమన్ 'మాయమైంది' అంటే చాలాసార్లు ర్యామ్ నిండిపోయి ఆపరేటింగ్ సిస్టమే దాన్ని చంపేసిందని అర్థం. చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. గ్రేడిల్ ఒక్కటే నడవదు, కోట్లిన్ భాషలో రాసిన కోడ్‌ను మార్చే కంపైలర్‌కు ఇంకో డీమన్ లేస్తుంది. మీరు వేరుగా చెప్పకపోతే గ్రేడిల్‌కు ఇచ్చిన మెమరీ హద్దే దానికీ వస్తుంది. 4 జీబీ అని రాశారంటే రెండూ కలిసి 8 దాకా పోవచ్చు. ఇక బ్రౌజర్‌కు, కోడ్ రాసుకునే ఆండ్రాయిడ్ స్టూడియోకు ఏం మిగులుతుంది?

మీ హోమ్ ఫోల్డర్లో డాట్ గ్రేడిల్ అనే దాగి ఉన్న ఫోల్డర్ ఉంటుంది. అందులోని గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో జేవీఎం (గ్రేడిల్‌ను నడిపే జావా ప్రోగ్రాం) గరిష్ఠ మెమరీ 2 జీబీ అని, వర్కర్లు (ఒకేసారి నడిచే పనులు) 2 అని పెట్టండి. ప్రాజెక్టులో ఉన్న అదే పేరు ఫైలుకన్నా మీ హోమ్ ఫోల్డర్లోని దాని మాటే చెల్లుతుంది. కాబట్టి ప్రాజెక్టు ఫైలును ముట్టుకోకండి, ముట్టుకుంటే ఆ మార్పు పొరపాటున మీ కమిట్‌లోకి (మీరు నమోదు చేసి పంపే మార్పుల్లోకి) ఎక్కుతుంది. బిల్డ్ టెర్మినల్ నుంచి చేయండి, స్టూడియో, ఎమ్యులేటర్ (కంప్యూటర్లో నడిచే నకిలీ ఫోన్) మూసేయండి. పరీక్షకు ఎమ్యులేటర్‌కన్నా కేబుల్ పెట్టిన పాత ఫోన్ మేలు.

క్లయింట్‌లో ఫుల్, బేసిక్ అని రెండు రకాలు కనిపిస్తాయి. పక్క ఫోనుకు నేరుగా యాప్‌లు పంపే నియర్‌బై, ఆపదలో యాప్‌ను దాచే పానిక్ సదుపాయాలు బేసిక్‌లో ఉండవు. మీరు దిద్దేది దేంట్లో ఉందో చూసి ఆ ఒక్కదాని డీబగ్ (పరీక్ష కోసం చేసే) బిల్డే చేయండి. ఊరికే 'బిల్డ్' అని కొడితే అన్ని రకాలూ, వాటి టెస్టులూ నడిచి పొద్దు పోతుంది.

హాస్టల్ నెట్ ప్రాక్సీ (మధ్యలో ఉండే సర్వర్) వెనక ఉంటే బ్రౌజర్లో పెట్టిన సెట్టింగ్‌ను నమ్ముకోవద్దు. కోడ్ దించే గిట్‌కు ఒకచోట, గ్రేడిల్‌కు ఒకచోట, ఎస్‌డీకే మేనేజర్‌కు ఒకచోట విడివిడిగా చెప్పాలి. ఒకసారి అన్నీ దిగాక ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో నెట్ లేకుండానే బిల్డ్ అవుతుంది. కొత్త లైబ్రరీ చేర్చినప్పుడు మాత్రం 'డిపెండెన్సీ వెరిఫికేషన్ ఫెయిల్డ్' అని ఆగితే భయపడకండి. ప్రతి లైబ్రరీ చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) వెరిఫికేషన్ మెటాడేటా ఫైల్లో నమోదై ఉండాలి. మీది ఇంకా నమోదు కాలేదు, అంతే. ఆ తనిఖీని ఆపేసి పంపితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్న: నేను తయారుచేసిన ఎఫ్‌-డ్రాయిడ్ క్లయింట్ రిలీజ్ బిల్డ్ (జనానికిచ్చే రకం) ఫోన్లో ఎక్కడం లేదు. డీబగ్ బిల్డ్ మాత్రం ఎక్కింది. ఎందుకు? – గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మీ ఫోన్లో ఉన్న ఎఫ్‌-డ్రాయిడ్ మీద ఉన్నది వాళ్ల డిజిటల్ సంతకం, మీ బిల్డ్ మీద ఉన్నది మీ సంతకం. ప్యాకేజీ పేరు ఒకటే, సంతకాలు వేరు అయితే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. డీబగ్ బిల్డ్ పేరు చివర 'డీబగ్' అని తోక ఉంటుంది కాబట్టి అది వేరే యాప్ కింద లెక్క, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అడగకుండా అప్‌డేట్ చేసే వీలు మామూలుగా ఆ యాప్‌ను ఎక్కించిన అంగడికే ఉంటుంది. అసలు క్లయింట్ ఎక్కించిన యాప్‌ను డీబగ్ క్లయింట్‌తో అప్‌డేట్ చేస్తే ఫోన్ మిమ్మల్ని అడుగుతుంది. అది మీ కోడ్‌లో తప్పు కాదు.

ప్రశ్న: నాకు కోడింగ్ రాదు, తెలుగు వచ్చు. ఏమైనా చేయగలనా? – తెలుగు పండితురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, మీవంటి వారే కావాలి. అనువాదాలు వెబ్‌లేట్ అనే సైటులో జరుగుతాయి. ఎడమ ఇంగ్లిష్ వాక్యం, కుడి మీ తెలుగు. కోడ్ ఫైలును నేరుగా దిద్ది పంపితే వెబ్‌లేట్‌తో తగాదా వస్తుంది, అటు పోకండి.

ఇబ్బంది విభక్తి దగ్గర వస్తుంది. వాక్యంలో శాతం గుర్తు, 1, డాలరు, ఎస్ అక్షరం కలిపి ఒక గుర్తు ఉంటుంది. యాప్ పేరు వచ్చి కూర్చునే పీట అది. దానికి నేరుగా 'ను' తగిలిస్తే ఒక పేరుకు అతుకుతుంది, ఇంకో పేరుకు 'ని' కావాలి. అందుకే పీట తర్వాత 'యాప్‌ను తొలగించాలా?' అని రాయండి, విభక్తి ఎప్పుడూ 'యాప్' మీదే పడుతుంది. గుర్తును మరిచిపోతే పేరు కనబడదు. లేని గుర్తును చేర్చితే ఆ తెర తెరవగానే యాప్ మూసుకుపోతుంది. 'ఒక అప్‌డేట్', 'ఇన్ని అప్‌డేట్లు' అని ఏకవచనానికీ బహువచనానికీ రెండు గళ్లు ఉంటాయి, రెండూ నింపండి.

మాటల ఎంపికలో మా పక్షం వాడుక వైపే. బస్టాండులో ఫోన్ చూసుకునే మనిషికి 'అప్‌డేట్' వెంటనే తెలుస్తుంది, 'నవీకరణ' దగ్గర ఒక క్షణం ఆగుతాడు. అయితే ఇదివరకు ఇతరులు ఒక మాట వాడి ఉంటే ముందు అది చూడండి. ఒకే బటన్‌కు రెండు చోట్ల రెండు పేర్లు ఉండటం అన్నిటికన్నా చెడ్డది.

ఇంకో పని మీ కంటికే దొరుకుతుంది. ఫోన్ భాష తెలుగు చేసి, అక్షరాల సైజు పెంచి, ప్రతి తెరా చూడండి. 'స్త్రీ' లాంటి మాటలో కింది వత్తులు కోసుకుపోతే ఆ గడి ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా బిగించేశారన్నమాట. స్క్రీన్‌షాట్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాసి గిట్‌ల్యాబ్‌లో ఇష్యూ (ఫిర్యాదు) తెరవండి. గడి ఎత్తును లోపలి అక్షరాలను బట్టి పెరిగేలా మార్చడం కోడ్ తెలిసినవారికి రెండు వరుసల పని.

ప్రశ్న: మా కంప్యూటర్ సెంటర్లో నెట్ అంతంతమాత్రం. పిల్లల ఫోన్లకు మేం ఎంచిన యాప్‌లు మా సిస్టమ్ నుంచే ఇవ్వవచ్చా? – పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: ఇవ్వవచ్చు. ఎఫ్‌-డ్రాయిడ్ సర్వర్ అనే ప్యాకేజీ లినక్స్‌లో ఎక్కించి, ఖాళీ ఫోల్డర్లో 'ఇనిట్' నడపండి. ఏపీకే ఫైళ్లను (యాప్‌ను ఎక్కించే ఫైళ్లు) రెపో (యాప్‌ల నిల్వ) ఫోల్డర్లో వేసి 'అప్‌డేట్' నడిపితే సంతకంతో జాబితా తయారవుతుంది. ఆ ఫోల్డర్‌ను ఏదైనా వెబ్ సర్వర్‌తో చూపించి, చిరునామాను క్లయింట్‌లో చేర్చండి. కొత్త ఏపీకే వేసిన ప్రతిసారీ 'అప్‌డేట్' మళ్లీ నడపాలి. యాప్‌లోని వెర్షన్ కోడ్ అనే సంఖ్య పెరగకపోతే ఫోన్లకు అప్‌డేట్ కనబడదు.

ఫోన్లు సిస్టమ్‌ను చేరకపోతే మూడు చూడండి: రూటర్లో ఐసొలేషన్ (ఒకే వైఫైలోని పరికరాలు ఒకదాన్నొకటి చేరకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉందా, సిస్టమ్ ఐపీ మారిందా, నెట్ లేని వైఫైని వదిలేసి ఫోన్ మొబైల్ డేటాకు పోయిందా. ఐపీని రూటర్లోనే ఆ సిస్టమ్‌కు కట్టిపడేయండి.

'ఇనిట్' తయారుచేసిన కీస్టోర్ ఫైలునూ (జాబితాపై సంతకం చేసే కీ ఇందులోనే ఉంటుంది), పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైలునూ ఆరోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బీరువాలో పెట్టండి. అవి ఉన్న ఫోల్డర్‌ను వెబ్ సర్వర్‌కు చూపకండి, రెపో ఒక్కటే కనబడాలి. హార్డ్ డిస్క్ పోయి కీ పోతే కొత్త కీతో చేసిన జాబితాను ఏ ఫోనూ నమ్మదు. ప్రతి ఫోన్లో పాత రెపో తీసి కొత్తది చేర్చుకుంటూ పోవాలి.