సీడీఎన్ పెట్టినా సైట్ స్లో.. ఎందుకు?

ప్రశ్న: పచ్చళ్లు అమ్మడానికి వర్డ్‌ప్రెస్‌లో సైట్ పెట్టుకున్నాను. సర్వర్ అమెరికాలో ఉంది. స్లోగా ఉందని క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ పెట్టించాను. అయినా మొదటి పేజీ నెమ్మదిగానే వస్తోంది. పైగా ఆవకాయ ధర మార్చి కొత్త బ్యానర్ పెడితే కస్టమర్లకు పాతదే కనిపిస్తోంది. సీడీఎన్ తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: తీసేయకండి. సీడీఎన్ అంటే మీ సైట్ ఫైళ్ల కాపీలను కస్టమర్లకు దగ్గర్లోని సర్వర్లలో దాచి అందించే ఏర్పాటు. ఆ సేవ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్‌కు హైదరాబాద్, చెన్నైలలోనూ సర్వర్లున్నాయి. కాకపోతే మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఫొటోలు, పేజీ రూపాన్ని, పనితీరును చూసుకునే సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ లాంటి ఫైళ్లనే అక్కడ దాచిపెడుతుంది. అసలు పేజీ, అంటే హెచ్‌టీఎంఎల్, ప్రతిసారీ అమెరికా నుంచే రావాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అమెరికా తూర్పు తీరం మనకు దాదాపు 13 వేల కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్లి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు. దీనికి తోడు వర్డ్‌ప్రెస్ ఆ పేజీని అప్పటికప్పుడు తయారుచేసే సమయం.

కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, మీ సైట్‌ను రిఫ్రెష్ చేసి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరుస హెడర్లు (పేజీతో పాటు వచ్చే సమాచారం) చూడండి. సీఎఫ్-క్యాష్-స్టేటస్ దగ్గర ‘డైనమిక్’ అని ఉంటే పేజీని దాచడం లేదన్నమాట. క్లౌడ్‌ఫ్లేర్ క్యాష్ రూల్స్‌లో (ఏ పేజీల కాపీ దాచాలో చెప్పే చోటు) హోమ్ పేజీ, పచ్చళ్ల పేజీలను దాచమని చెప్పండి. ధర మార్చినప్పుడల్లా, దాచిన కాపీలను తుడిచేసే ‘పర్జ్’ నొక్కండి. కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీల జోలికి మాత్రం వెళ్లొద్దు. 2015 క్రిస్మస్ రోజున గేముల దుకాణం స్టీమ్‌లో క్యాష్ సెట్టింగ్ తప్పి, ఒకరి ఖాతా వివరాలు ఇంకొకరికి కనిపించాయి. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది!

పాత బ్యానర్‌కు కారణం ఫైల్ పేరు. మీరు బహుశా అదే పేరుతో కొత్త బొమ్మ ఎక్కించి ఉంటారు. పర్జ్ చేస్తే క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరున్న కాపీ పోతుంది గానీ, కస్టమర్ ఫోన్‌లో దాగిన కాపీని అది ముట్టుకోలేదు. బ్యానర్ మార్చినప్పుడల్లా ‘ఆవకాయ-2’, ‘ఆవకాయ-3’ అని పేరు మార్చేయండి. అప్పుడు మ్యాక్స్-ఏజ్ (ఫోన్‌లో కాపీ ఎంతకాలం ఉండొచ్చో చెప్పే సెట్టింగ్) 31536000 సెకన్లు, అంటే ఏడాది పెట్టినా టెన్షన్ లేదు.

ఇంకోటి. ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోలు అలాగే ఎక్కించారా? ఉచిత ప్లాన్‌లో క్లౌడ్‌ఫ్లేర్ వాటిని తనంతట తాను చిన్నవి చేయదు, ఆ బరువంతా దగ్గర్నుంచి మోసుకొస్తుందంతే. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీగా (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్) మారిస్తే చాలావరకు 200 కేబీ లోపే వస్తాయి. నా అనుమానం ముందు వీటి మీదే. ఈ పని ఇవాళే చేసి, రూల్స్ సంగతి రేపు చూసుకోండి.