చేపలో హిస్టమిన్‌ను (చేప పాడైనప్పుడు బాక్టీరియా వల్ల పుట్టే పదార్థం) హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) కొలిచే ముందు డెరివటైజేషన్ (మరో రసాయనం కలిపి డిటెక్టర్‌కు కనిపించే రూపంలోకి మార్చడం) ఎందుకు చేస్తారు?

హిస్టమిన్ యూవీ కాంతిని చాలా తక్కువగా పీల్చుకుంటుంది, దాని ఫ్లోరోసెన్స్ (కాంతి పడితే తిరిగి వెలుగునిచ్చే గుణం) కూడా లేనట్టే. అందుకే నేరుగా ఎక్కిస్తే డిటెక్టర్‌కు సరిగా ఆనదు. ముందుగా చేపను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో మెత్తగా చేసి, ప్రోటీన్లను తీసేసి, వడగట్టిన ద్రవానికి డాన్సైల్ క్లోరైడ్ గానీ ఓపీఏ (ఆర్థో-థాలాల్డిహైడ్) గానీ కలుపుతారు. డాన్సైల్ ఉత్పన్నం (హిస్టమిన్‌తో కలిసి ఏర్పడే కొత్త పదార్థం) నిలకడగా ఉంటుంది, 254 నానోమీటర్ల దగ్గర చక్కగా కనిపిస్తుంది. కాకపోతే చర్యకు టైమ్ పడుతుంది.

ఓపీఏ నిమిషాల్లో పని ముగిస్తుంది గానీ ఆ ఉత్పన్నం త్వరగా పాడవుతుంది. కాబట్టి ఓపీఏ కలిపిన క్షణం నుంచి ఇంజెక్షన్ వరకు పట్టే సమయం శాంపిల్‌కూ స్టాండర్డ్‌కూ (హిస్టమిన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) ఒకేలా ఉండాలి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. తర్వాత సీ18 కాలమ్ (పదార్థాలను వేరు చేసే గొట్టం) హిస్టమిన్ నుంచి మిగతా ఎమీన్లను (అలాంటి నైట్రోజన్ పదార్థాలను) విడదీస్తుంది.

శాంపిల్‌ను మాత్రం మొదటి నుంచీ చల్లగా ఉంచండి, లేదంటే బాక్టీరియా చేపలోని హిస్టిడిన్ అనే ఎమినో ఆమ్లాన్ని హిస్టమిన్‌గా మారుస్తూనే ఉంటుంది.