ముందు ఆ ప్రోటీన్‌ని ఉడకబెట్టి చూడు

అమ్మలూ,

నీ కొత్త ప్రోటీన్ వేయగానే మాక్రోఫేజ్‌లలో (సూక్ష్మజీవుల్ని మింగే రోగనిరోధక కణాలు) టీఎన్‌ఎఫ్ అనే వాపు సిగ్నల్ అమాంతం పెరిగిందని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టావు చూడు, అది చదివి సంతోషమూ వేసింది, గుబులూ పుట్టింది. ఒకప్పుడు నేనూ అలాగే ఎగిరి గంతేశాను. మా గైడ్ గారు గ్రాఫ్ చూసి "ఉడకబెట్టి మళ్లీ వెయ్యి" అన్నారు, అంతే. ఉడకబెట్టాను. ప్రోటీన్ పోయింది గానీ సిగ్నల్ చెక్కుచెదరలేదు. ఆరు నెలలుగా నేను కొలుస్తున్నది ప్రోటీన్‌ని కాదు, దాన్ని తయారుచేసిన ఈ.కోలై బ్యాక్టీరియా పైపొర ముక్కల్ని!

ఆ పైపొర ముక్కే ఎల్‌పీఎస్ (లిపోపాలీశాకరైడ్), పాత పేరు ఎండోటాక్సిన్. విషం అంటాం గానీ దాన్ని చూసి మన కణాలు చేసే రభసే అసలు ప్రమాదం. సీరంలోని ఎల్‌బీపీ అనే ప్రోటీన్ దాన్ని మోసుకొచ్చి కణం మీది సీడీ14కి ఇస్తుంది, అది టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌ని అంటిపెట్టుకున్న ఎండీ-2కి అందిస్తుంది, ఎండీ-2 గుంటలో ఎల్‌పీఎస్‌లోని లిపిడ్-ఎ తోకలు దూరగానే రెండు రిసెప్టర్లు జతకడతాయి, లోపల మైడీ88 అనే ప్రోటీన్ నుంచి కబురు నడిచి, జన్యువుల్ని మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బిని పట్టి ఉంచిన ఐకప్పా-బి నాశనమై, ఎన్‌ఎఫ్-కప్పా-బి న్యూక్లియస్‌లోకి పోతుంది. ఇక టీఎన్‌ఎఫ్, దాని తోటి సిగ్నల్ ఐఎల్-6 వరదే. ఇందుకు మిల్లీలీటరుకి నానోగ్రాము కూడా అక్కర్లేదు ఒక్కోసారి, అందుకే కంటికి కనపడని మరక చాలు నిన్ను బోల్తా కొట్టించడానికి.

ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరి పట్టడం) చేశాం కదా అనకు. బ్యాక్టీరియా చస్తుంది, ఎల్‌పీఎస్ చావదు. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాల్సిందే, ప్లాస్టిక్ అయితే ఎండోటాక్సిన్ లేదని రాసి ఉన్నదే కొను. కణాల పళ్లెంలో, ఎల్‌పీఎస్‌ని పట్టి అణిచే పాలీమిక్సిన్-బి కలిపి ఒక బావి (గుంట), ఉడకబెట్టినదానికి ఒక బావి ఎప్పుడూ పెట్టు. ఎండోటాక్సిన్‌ని కొలిచే ఎల్‌ఏఎల్ టెస్ట్ సరేసరి, హార్స్‌షూ పీత రక్తంతో చేసేది. అన్నిటికన్నా నాకు నమ్మకం సీ3హెచ్/హెచ్ఈజే అనే రకం ఎలుక కణాల మీద, వాటి టీఎల్‌ఆర్4లో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో ఎల్‌పీఎస్‌కి ఉలకవు, పలకవు. 1998లో బ్యూట్లర్ బృందం ఆ లోపాన్ని పట్టుకుంది, 2011లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ కణాలు కూడా నీ ప్రోటీన్‌కి స్పందిస్తే ఎల్‌పీఎస్ మీద అనుమానం చాలావరకు తీరినట్టే. (కొన్ని ఎల్‌పీఎస్ సీసాల్లో లైపోప్రోటీన్లు కలిసి టీఎల్‌ఆర్2 అనే మరో రిసెప్టర్‌ని లేపుతాయి, అది వేరే గొడవ.)

ఇంకొకటి, ఐఎల్-1బీటా అనే మరో వాపు సిగ్నల్ రాలేదని ఏడవకు. ఎల్‌పీఎస్ ఒక్కటే వేస్తే కణం దాన్ని ముడి రూపంలో తయారుచేసి లోపలే ఉంచుకుంటుంది, బయటికి రావాలంటే నిజెరిసినో ఏటీపీయో వేసి, దాన్ని కోయించి బయటికి పంపే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 యంత్రాంగాన్ని కదిలించాలి.

ఉడకబెట్టిన బావి రీడింగ్ ముందు నాకు పంపు, తర్వాత మీ మేడమ్‌కి.

మామయ్య