ఇంట్లో మందులు ఎవరిస్తారు?

అమ్మాయీ,

నిన్ను వార్డు డ్యూటీ నుంచి తీసి కేర్ కోఆర్డినేటర్‌గా, అంటే పేషెంటుని చూసేవాళ్లందరినీ ఇంటివాళ్లతో కలిపే పనిలో, వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంతో సంతోషమేసింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

డ్యూటీ మారేటప్పుడు ఇప్పటి పరిస్థితి, వెనకటి సంగతి, నీ అంచనా, చెయ్యాల్సిన పని వరసగా చెప్పు. వీలైతే పేషెంటు మంచం దగ్గరే చెప్పు, తప్పుంటే ఆయనే సరిదిద్దుతాడు. డాక్టరు మాటకీ ఫిజియోథెరపిస్టు మాటకీ పొసగకపోతే నువ్వే వాళ్లతో తేల్చుకో, ఇంటివాళ్ల మీద వదిలెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

అప్పుడు నేను వార్డు సిస్టర్‌ని. గుండె బలహీనపడి, కాళ్లు వాచి చేరిన ఒక పెద్దాయన తేరుకుని ఇంటికి వెళ్తున్నాడు. కొడుకు బిల్లు కట్టి, కాగితాలు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. మందుల చీటీ అతనికే చదివి వినిపించాను. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది సిస్టర్" అన్నాడు. పెద్దాయన భార్య సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆరో రోజున మళ్లీ తీసుకొచ్చారు. కళ్లు తిరిగి పడిపోయాడు. నాడి చూస్తే నిమిషానికి 38, చాలా తక్కువ. ఆవిడ సంచిని మంచం మీద బోర్లించింది. రెండు స్ట్రిప్పులు. రంగులు వేరు, పేర్లు వేరు. కింద చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా మెటోప్రొలాల్ అనే ఉంది, గుండె వేగాన్ని తగ్గించే మందు. ఒకటి ఇంట్లో ఉన్న పాతది, ఒకటి మేమిచ్చింది. ఆవిడ రెండూ వేసింది, ఒక్క పూట తప్పకుండా. వేసినప్పుడల్లా క్యాలెండర్‌లో తేదీ పక్కన చుక్క పెట్టుకుంది. ఆ కాగితం నా చేతికిచ్చి, "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగింది.

ఆయన బతికాడు. తప్పు నాదేనని ఆవిడతో చెప్పాను, కానీ డిశ్చార్జి రోజున చెప్పాను. అప్పటిదాకా ఆవిడ తనవల్లే అనుకుంటూ ఆ మంచం పక్కన కూర్చుంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

కాబట్టి "అర్థమైందా" అని అడగకు. ఆ మాటకి ఎవరైనా ఔననే అంటారు. చిన్నప్పుడు లెక్క సగంలో ఉండగానే "అర్థమైంది పెద్దమ్మా" అని పుస్తకం మూసేసేదానివి కదా! "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, రేపు పొద్దున ఏమేం వేస్తారో తీసి చూపించండి" అను. ఇంట్లో ఉన్న పాత మందులన్నీ తెప్పించు. ఆపాల్సినవి ఏవో డాక్టరుతో ఖాయం చేసుకుని, వాళ్ల చేతులతోనే పక్కన పెట్టించు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకోమన్నారా, ఏ రోజో పేరుతో సహా రాయించు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గుండె పేషెంటైతే రోజూ పొద్దున్నే బరువు చూసుకోమను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమో, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చెయ్యమను.

టైమ్ ఎక్కడుంది అంటావు. వినను. అలాగని తిండి మానేసి పరిగెత్తినా ఊరుకోను, నీ ఆరోగ్యం నాకు ముఖ్యం తల్లీ.

మొదటి పేషెంటుని ఇంటికి పంపిన రాత్రి ఫోన్ చెయ్యి. ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను. ఇంట్లో మందులు ఇచ్చేది ఎవరని అడుగుతాను. ఆ మనిషి ఎవరో, నీకు ఏం చెప్పి చూపించారో నాకు చెప్పాలి.

మీ పెద్దమ్మ