అన్నయ్య ఒక్కడూ వెళ్తే డీఎన్‌ఏ తేలుతుందా?

ప్రశ్న: అయ్యా నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా పెద్దమ్మ చిన్నకొడుకు సెంట్రింగ్ పనికని చెన్నై వెళ్ళాడు, ఏడు నెలలుగా ఫోన్ లేదు. ఇప్పుడు అక్కడి పోలీసులు పట్టాల పక్కన దొరికిన ఒక బాడీ ఫోటో పంపారు, మొహం పోల్చేలా లేదు, డీఎన్‌ఏ ఇమ్మంటున్నారు. పెదనాన్న ఎప్పుడో పోయాడు, పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. పెద్దన్నయ్య ఒక్కడూ వెళ్తే చాలదా? నాన్న లేకుండా అసలు తేలుతుందా?

జవాబు: తేలుతుంది తమ్ముడూ, కానీ పెద్దమ్మ శాంపిల్ తప్పకుండా ఉండాలి. మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒక చిన్న ముక్క గాటా గాటా గాటా అని వరసగా రిపీట్ అవుతుంటుంది, ఎన్నిసార్లు అన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఒక్కో చోట మనకి రెండు లెక్కలుంటాయి, అమ్మది ఒకటి నాన్నది ఒకటి. పెద్దమ్మకి ఒకచోట 9, 12 ఉన్నాయనుకో, ఆ అబ్బాయికి ఆ రెండిట్లో ఒకటి రావాలి. ల్యాబ్‌లో ఇలా ఇరవై చోట్ల దాకా చూస్తారు, చాలాచోట్ల కుదరకపోతే ఆ అబ్బాయి మీవాడు కాదన్నట్టే. ఒక్కచోట తేడా వస్తే మాత్రం వెంటనే కాదనేయరు, ఎందుకంటే తల్లి నుంచి బిడ్డకి వచ్చేటప్పుడు ఆ లెక్క అరుదుగా ఒకటి పెరగడమో తగ్గడమో ఉంటుంది.

అన్నదమ్ముల మధ్య అంత గట్టి రూలు లేదు. అమ్మ పెద్దోడికి 9 ఇచ్చి చిన్నోడికి 12 ఇచ్చుండొచ్చు, నాన్నదీ అంతే, ఒకే కడుపున పుట్టినా నాలుగింట ఒక చోట ఏదీ కలవకపోవచ్చు. నాన్న నుంచి మగపిల్లలకొచ్చే వై క్రోమోజోమ్ అన్నదమ్ములకి కలుస్తుంది నిజమే, కానీ అదే మీ పెదనాన్న అన్నదమ్ములకీ వాళ్ళ కొడుకులకీ ఉంటుంది, దాంతో మనిషిని తేల్చలేరు.

నాన్న లేడని దిగులొద్దు. 1984లో ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏతో మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టాక, 1985లో మొట్టమొదట తేల్చింది ఇలాంటి కేసే. ఘనా నుంచి ఇంగ్లండ్‌కి తిరిగొచ్చిన ఒక కుర్రాడిని అక్కడున్న తల్లికి కొడుకేనని అధికారులు నమ్మలేదు, తండ్రి శాంపిల్ దొరకలేదు. తల్లినీ ఆవిడ మిగతా ముగ్గురు పిల్లల్నీ చూసి, పిల్లల్లో అమ్మది తీసేస్తే మిగిలేది నాన్నదే కదా అని తండ్రి లెక్క రాబట్టారు, ఆ కుర్రాడు ఇంటివాడేనని తేలింది. అందుకే పెద్దన్నయ్యదీ ఇవ్వండి, చెల్లెళ్ళుంటే వాళ్ళదీ ఇవ్వండి.

2023లో ఒడిశాలో బాలాసోర్ దగ్గర జరిగిన బహనగా రైలు ప్రమాదం గుర్తుందిగా, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఒకే బాడీని రెండు మూడు కుటుంబాలు మావాడే అంటే డీఎన్‌ఏతోనే తేల్చారు. కన్నవాళ్ళ కంటికి కూడా ఆ బాధలో మొహం తప్పు కనిపిస్తుంది, ఫోటో చూపించి పెద్దమ్మని ఏడిపించకండి.

ఆవిడని చెన్నై తీసుకెళ్ళక్కర్లేకుండా మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే శాంపిల్ తీయించి పంపే ఏర్పాటు చేయమని పోలీసుల్ని అడగండి. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దినా చాలు, సూదికి భయపడేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి. ఇంకోటి, అతను పండక్కొచ్చినప్పుడు వాడి వదిలేసిన బ్రష్షో రేజరో ఇంట్లో ఉందేమో వెతకండి, అది దొరికితే ఇంట్లోవాళ్ళతో పోల్చే పని లేకుండా ఆ బాడీని నేరుగా అతని డీఎన్‌ఏతోనే పోల్చొచ్చు. కడక్కండి, చేత్తో ఎక్కువ ముట్టుకోకండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే తడి పట్టి పాడవుతుంది, బాగా ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టి పోలీసులకి ఇవ్వండి.